ఆకు కింది కాయ

తెలుగులో మనిషిని తిట్టాలన్నా పొగడాలన్నా కాలేయం చుట్టూ ఒక చక్కర్ కొడితే చాలు. పిచ్చి పనులు చేసేవాడిది పైత్యం. పొగరెక్కినవాడిది గోరోజనం. ఓర్వలేనివాడికి పచ్చకామెర్లు, అందుకే వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుంది. హైదరాబాద్‌లో ధైర్యం ఉందా అని అడగాలంటే ఖలేజా ఉందా అంటారు. ఉర్దూలో కలేజా అంటే కాలేయమే. మటన్ కొట్టు దగ్గర కార్జం ఇమ్మని అడిగేటప్పుడూ, మహేశ్ బాబు సినిమా పేరు చెప్పేటప్పుడూ తలుచుకునేది ఒకే అవయవాన్నని మనకు తట్టదు.

ఇంత దగ్గరి అవయవానికి మందు కూడా దగ్గర్లోనే ఉంటుందని మనవాళ్ల నమ్మకం. కామెర్లు అనగానే ఆస్పత్రి కంటే ముందు ఫలానా ఊళ్లో పసరు పోసే ఆయన గుర్తొస్తాడు. మా అమ్మమ్మగారి ఊళ్లోనూ ఒకాయన ఉండేవాడు. తెల్లారేసరికి పరగడుపున వెళ్లాలి. ఆయన అటు తిరిగి కూర్చుని ఏదో ఆకు నూరి, పసరు మజ్జిగలో కలిపి ఇచ్చేవాడు. అలా మూడు రోజులు. నూనె, పసుపు, కారం, మాంసం ముట్టకూడదు. ఆయన డబ్బు తీసుకునేవాడు కాదు, ఆకు పేరు చెప్పేవాడూ కాదు. పేరు బయటపెడితే మందు పనిచేయదట. కొన్ని ఊళ్లలో పసరు కంట్లోనో ముక్కులోనో వేస్తారు. ఇంకొన్ని చోట్ల చేతి మీద వాతలు పెడతారు.

ఆయన దగ్గరికి వెళ్లినవాళ్లలో చాలామందికి నయమైంది. ఇది ఎవరో కట్టిన కథ కాదు, నేను చూసిందే. ఎందుకు నయమైందన్నదే ప్రశ్న. ఈ ప్రశ్నను ఒక మొక్క విషయంలో కొందరు నిజంగా అడిగారు, లెక్క పెట్టారు, లెక్కను పదిమంది ముందు పెట్టారు. ఆ మొక్క నేల ఉసిరి. దాని కథ చెప్పాలంటే ముందు కామెర్ల గురించి కాస్త మాట్లాడుకోవాలి.

*

కామెర్లు జబ్బు పేరని అనుకుంటాం గానీ, నిజానికి అది జబ్బు బయటికి కనిపించే గుర్తు. ఒంట్లో పాతబడిన ఎర్ర రక్తకణాలు రోజూ విరిగిపోతుంటాయి. వాటిలోంచి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పుడుతుంది. కాలేయం దాన్ని పట్టుకుని, పైత్యరసంలో కలిపి, నాళాల గుండా పేగుల్లోకి పంపుతుంది. మలానికి ఆ రంగు రావడానికి కారణం అదే. కాలేయం వాచినా, నాళానికి ఏదైనా అడ్డం పడినా ఈ పసుపు రక్తంలోనే ఉండిపోతుంది. కళ్లు పచ్చబడతాయి. వాపు వైరస్ వల్ల కావచ్చు, సారా వల్ల కావచ్చు, మందుబిళ్లల వల్ల కావచ్చు. అడ్డం పడింది రాయి కావచ్చు, క్యాన్సర్ గడ్డ కావచ్చు. అన్నిటికీ బయటి రంగు ఒకటే.

ఇది ఒక్కటి కాదన్న సంగతి మన పాతవాళ్లకు తెలుసు. మన కామెర్లకు సంస్కృతంలో చెప్పే మాట కామల. చరకసంహిత చికిత్సాస్థానం పాండురోగాధ్యాయంలో కామలను రెండు రకాలుగా విడదీశారు. అందులో ఒకదాంట్లో కఫం పిత్తం దారికి అడ్డు పడుతుందనీ, మలం నూరిన నువ్వుల ముద్దలా తెల్లగా వస్తుందనీ రాశారు. పైత్యరసం పేగులోకి దిగకపోతే మలం రంగు పోతుందని ఈనాటి డాక్టర్ చెప్పేది కూడా ఇదే. కఫమా రాయా అన్నది పక్కన పెడితే, రోగిని దగ్గర కూర్చుని గమనించిన చూపు అది. రెండింటికీ చికిత్స ఒకటి కాదని కూడా ఆ గ్రంథం చెప్పింది. పసరు పోసే పద్ధతిలో పోయింది ఈ తేడానే. వచ్చిన ప్రతి పచ్చ కన్నుకీ అక్కడ అదే గ్లాసు.

అయినా ఎందుకు నయమైంది? దీనికి జవాబు 1955 చలికాలంలో ఢిల్లీలో కనిపిస్తుంది. ఆ ఏడాది యమున పాయ మారింది. నజఫ్‌గఢ్ నాలా మురుగు వజీరాబాద్ దగ్గర నీళ్లు తోడే చోటికి చేరింది. డిసెంబర్, జనవరి నెలల్లో ఊళ్లో దాదాపు 29,000 మందికి కళ్లు పచ్చబడ్డాయి. దాన్ని చాలాకాలం హెపటైటిస్ ఎ అనుకున్నారు. దాచిన రక్త నమూనాలను పాతికేళ్ల తర్వాత పరీక్షిస్తే అది కాదని తేలింది. 1983లో మిఖాయిల్ బలయాన్ అనే సోవియట్ శాస్త్రవేత్త, అలాంటి కామెర్లే వచ్చిన రోగుల మలం నుంచి తీసిన ద్రవాన్ని తానే తాగాడు. నెల దాటాక తనకూ కామెర్లు వచ్చాయి. తన మలంలోనే ఆ వైరస్‌ను మైక్రోస్కోప్ కింద చూశాడు. దానికే తర్వాత హెపటైటిస్ ఇ అని పేరొచ్చింది.

ఎ అయినా ఇ అయినా నీళ్ల ద్వారా వచ్చేవే. మన ఊళ్లలో వచ్చే కామెర్లలో పెద్ద వాటా వీటిదే. వీటిలో చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. రోగి పసరాయన దగ్గరికి వెళ్లేది కళ్లు బాగా పచ్చబడ్డాక. అంటే జబ్బు దిగుముఖం పట్టబోయే సమయానికి. మూడు రోజుల పసరు, మూడు వారాల పథ్యం అయ్యేసరికి కళ్లు తెల్లబడతాయి. పేరు పసరుకి వస్తుంది. కొన్నిచోట్ల ఇదే పనిని ఇంకా నాటకీయంగా చేస్తారు. చేతులకు మామిడి బెరడు రసం రాసి సున్నపు నీళ్లతో కడిగితే నీళ్లు పచ్చగా మారతాయి. రోగం కళ్లముందే కారిపోయినట్టు ఉంటుంది. నిజానికి అది బెరడుకీ సున్నానికీ మధ్య జరిగిన రసాయన చర్య. కామెర్లు లేనివాడి చేతులు కడిగినా నీళ్లు పచ్చబడతాయి.

అయితే అందరికీ తగ్గదు. నా చిన్నప్పుడు మా వీధిలో ఒకావిడకు నెలలు నిండుతుండగా కామెర్లు వచ్చాయి. పసరు తాగించారు, పథ్యం పెట్టారు. రెండోవారంలో మనిషి మగతలోకి వెళ్లిపోయింది. పట్నం తీసుకెళ్లేసరికి ఆలస్యమైంది. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు. ఆమె వాళ్లాయనకు ఈ రోజుకీ అదంతా దిష్టి. ఆమెకు వచ్చింది ఏ వైరసో ఎవరూ పరీక్షించలేదు కాబట్టి నేను చెప్పలేను. కానీ హెపటైటిస్ ఇ మామూలు మనుషుల్లో నూటికి ఒకరిద్దరినే చంపుతుంది. నెలలు నిండిన గర్భిణుల్లో నూటికి ఇరవైమంది దాకా పోతారు. ముందే ఆస్పత్రికి వెళ్లినా బతికేదని గ్యారంటీ ఏమీ లేదు, అక్కడా దానికి సూటి మందు లేదు. ఆమెను కాపాడగలిగింది అన్నిటికంటే ముందు మంచినీళ్లు. ఆ మాట ఆ రోజు పసరాయనా అనలేదు, డాక్టరూ అనలేదు.

*

ఇక హెపటైటిస్ బి. ఇది నీళ్లతో రాదు. రక్తం, సూది, లైంగిక సంబంధం, అన్నిటికంటే ముఖ్యంగా కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు. పెద్దయ్యాక అంటుకుంటే నూటికి తొంభై మందికి పైగా దాన్ని వదిలించుకుంటారు. పుట్టుకలో అంటుకుంటే లెక్క తిరగబడుతుంది. దాదాపు అంతే శాతం పిల్లల్లో అది జీవితాంతం ఉండిపోతుంది. ముప్పై నలభై ఏళ్లపాటు ఏ గుర్తూ ఉండదు. కళ్లు పచ్చబడవు, ఆకలి తగ్గదు. ఆ తర్వాత వాళ్లలో కొందరికి కాలేయం గట్టిపడటం, కొందరికి క్యాన్సర్.

దీన్ని కనిపెట్టిన బరూచ్ బ్లంబర్గ్ మొదట వెతికింది కామెర్లను కాదు. మనుషుల రక్తంలోని ప్రోటీన్లు జాతిని బట్టి ఎలా మారతాయో చూస్తున్నాడాయన. 1960ల మొదట్లో ఒక హీమోఫీలియా రోగి రక్తం, ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్తంతో చర్య జరపడం కనిపించింది. దానికి ఆస్ట్రేలియా యాంటిజెన్ అని పేరు పెట్టారు. కొన్నేళ్లలో అది హెపటైటిస్ బి వైరస్ మీది తొడుగని తేలింది. ఆ తొడుగును వేరుచేసి టీకా చేయవచ్చని 1969లోనే ఆయన, సహచరుడు ఇర్వింగ్ మిల్‌మన్ పేటెంట్‌కు వెళ్లారు. 1976లో బ్లంబర్గ్‌కు నోబెల్ వచ్చింది. టీకా 1981లో అమెరికాలో అనుమతి పొందింది.

టీకా ఇంకా అంటుకోనివాళ్ల కోసం. ఇప్పటికే వైరస్ ఉన్న కోట్లమంది సంగతేంటి? ఆ రోజుల్లో వాళ్లకు చెప్పుకోదగ్గ మందు లేదు. బ్లంబర్గ్ బృందం ప్రపంచంలోని సంప్రదాయ వైద్యాల్లో కామెర్లకు వాడే మొక్కల వైపు చూసింది. నోబెల్ వచ్చిన మనిషి మన పెరటి మొక్క దగ్గరికి వచ్చిన దారి ఇది.

నేల ఉసిరి మీరు చూసే ఉంటారు. వాన పడ్డ తర్వాత కాంపౌండ్ గోడ పక్కన, పూలకుండీల్లో, పార్కింగ్ టైల్స్ సందుల్లో దానంతటదే మొలుస్తుంది. జానెడు, మూరెడు ఎత్తు. ఆకులు చింతాకులా ఉంటాయి. రెమ్మను తిప్పి చూస్తే కిందివైపు వరసగా ఆవగింజంత కాయలు. తమిళంలో కీళానెల్లి అంటారు, కింద కాసే ఉసిరి అని. సంస్కృతంలో భూమ్యామలకి. బ్రెజిల్‌లో దాని దాయాదుల పేరుకు రాళ్లు పగలగొట్టేది అని అర్థం, అక్కడ దాన్ని రాళ్ల జబ్బుకి వాడతారు. ఒకే తరహా మొక్క సముద్రాలకు అటూ ఇటూ కడుపులోని ఇబ్బందులకే పేరు తెచ్చుకోవడం ఎవరికైనా ఆసక్తి కలిగించేదే.

1987లో వెంకటేశ్వరన్, మిల్‌మన్, బ్లంబర్గ్ కలిసి అమెరికా సైన్స్ అకాడమీ పత్రికలో ఒక పరిశోధన వేశారు. నేల ఉసిరి సారం గాజుగొట్టంలో హెపటైటిస్ బి వైరస్ ఎంజైమును అడ్డుకుంది. అమెరికాలో వుడ్‌చక్ అనే జంతువు ఉంటుంది, దానికి హెపటైటిస్ బి లాంటి వైరసే వస్తుంది. ఆ జంతువుల్లోనూ సారం కొంత పనిచేసినట్టు కనిపించింది. తర్వాతి అడుగు మనుషులు. అది మద్రాసులో పడింది. 1988లో లాన్సెట్‌లో త్యాగరాజన్ బృందం పేరుతో, బ్లంబర్గ్ పేరు కూడా ఉన్న రెండు మూడు పేజీల వ్యాసం వచ్చింది. హెపటైటిస్ బి ఉన్న 78 మందితో పరీక్ష. కొందరికి నేల ఉసిరి పొడి, కొందరికి ఉత్తుత్తి మందు, నెల రోజులు. మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి, అంటే నూటికి 59 మందికి వైరస్ తొడుగు రక్తంలో కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది.

ఈ అంకె ఎంత పెద్దదో చెప్పాలంటే ఒక్క పోలిక చాలు. దీర్ఘకాలం వైరస్ మోసేవాళ్లలో ఆ తొడుగు తనంతట తాను పోవడం ఏడాదికి నూటికి ఒకరికో మరో అరకో జరిగే సంగతి. ఈనాడు వాడే ఖరీదైన మాత్రలతో కూడా అది అరుదు. గోడ పక్క మొక్క నెల రోజుల్లో సగం మందికి పైగా పోగొట్టిందంటే వైద్య చరిత్రే మారాలి. ఆ వ్యాసం చదివిన వాళ్ల ఉత్సాహం నాకు అర్థమవుతుంది. మన అమ్మమ్మలు చెప్పింది నిజమని లాన్సెట్ ముద్ర వేస్తే ఎవరికి సంతోషం ఉండదు?

కానీ కాగితం పెన్సిల్ తీసుకుని కూడండి. 37, 23 కలిపితే 60. మొదలుపెట్టింది 78 మందితో. మిగతా 18 మంది ఈ లెక్కలోకి రాలేదు. చిన్న పరీక్షలో పద్దెనిమిది మంది తక్కువేం కాదు. వాళ్లు ఎటు తూగారన్నదాన్ని బట్టి ఫలితం మారిపోవచ్చు. ఇది దోషారోపణ కాదు. ఎవరైనా కూడి చూడగలిగేలా అంకెలు అక్కడే రాసిపెట్టారని చెప్పడమే నా ఉద్దేశం.

మిగతా ప్రపంచం కూడి చూసింది, మళ్లీ చేసి చూసింది. 1990లో థాయ్‌లాండ్ వైద్యులు లాన్సెట్‌కే రాశారు, తమ దగ్గర వైరస్ పోలేదని. 1994లో న్యూజిలాండ్ నుంచి అదే మాట, బొంబాయి నుంచీ అదే మాట. మొక్క తేడా అయి ఉండొచ్చని కొందరన్నారు. ఇందులో న్యాయం ఉంది. ఫిలాంథస్ జాతిలో వందల రకాలున్నాయి, చూడ్డానికి చాలావరకు ఒకేలా ఉంటాయి. 1987 వ్యాసంలో ఫిలాంథస్ నిరూరి అని రాసిన మొక్క, 1988 వ్యాసానికి వచ్చేసరికి ఫిలాంథస్ అమారస్ అయింది. నేల, కోసిన కాలం, సారం తీసిన తీరు మారినా మందు మారుతుంది. ఈ వాదనలన్నీ విన్న తర్వాత కూడా, 2011లో కాక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన పరీక్షలను కలిపి చూసి, దీర్ఘకాలిక హెపటైటిస్ బికి ఈ మొక్క పనిచేస్తుందని నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చింది.

నాకు ఇందులో ఓటమి కనిపించదు. పసరాయన ఆకు పేరు దాచాడు, కాబట్టి ఆయన తప్పని ఎవరూ నిరూపించలేరు, ఒప్పనీ నిరూపించలేరు. మద్రాసువాళ్లు మొక్క పేరు చెప్పారు, మోతాదు చెప్పారు, ఎంతమందికి ఇచ్చారో చెప్పారు. అందుకే బ్యాంకాక్‌లో ఎవరో దాన్ని మళ్లీ చేసి కాదనగలిగారు. సంప్రదాయ వైద్యానికి అంతకంటే గౌరవం ఏముంటుంది? దాన్ని నిజమైన మందుగా భావించినవాళ్లే దాన్ని పరీక్షకు నిలబెడతారు.

*

పైత్యాశయం కథ ఇంకో రకం. కస్తూరి, గోరోచనం మాత్రలు మన ఇళ్లలో పసిపిల్లలకు అరగదీసి నాకించేవాళ్లు. గోరోచనం అంటే ఆవు పిత్తాశయంలో పుట్టిన రాయి. మనిషికి పుడితే ఆపరేషన్, ఆవుకు పుడితే ఔషధం! పొగరుకి ఆ పేరెందుకు వచ్చిందో గానీ, రాయి పొట్టలో పెట్టుకుని తిరిగేవాడి చిరాకు మాత్రం నేను దగ్గర్నుంచి చూశాను.

జంతువుల పైత్యరసంలో నిజంగానే మందు దొరికిన సందర్భం ఒకటుంది. చైనా సంప్రదాయంలో ఎలుగుబంటి పైత్యాన్ని కాలేయం జబ్బులకు వాడేవారు. 1927లో జపాన్‌లో షోదా అనే శాస్త్రవేత్త అందులోంచి ఒక ఆమ్లాన్ని స్ఫటికంగా వేరుచేశాడు. ఎలుగు లాటిన్ పేరు మీదుగా అది అర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లం అయింది. కొలెస్ట్రాల్‌తో ఏర్పడిన కొన్ని చిన్న రాళ్లను అది కరిగించగలదని 1970లలో తేలింది. నాళాలు మెల్లగా దెబ్బతినే ఒక కాలేయ వ్యాధికి ఇప్పటికీ అదే మొదటి మందు. దాన్ని ఇప్పుడు ఫ్యాక్టరీలో తయారుచేస్తారు, ఎలుగుతో పనిలేదు. అయినా పైత్యం కోసం ఎలుగుల్ని బోనుల్లో పెట్టి పిండే వ్యాపారం కొన్ని దేశాల్లో ఆగలేదు. సహజం అన్న మాటకు ఆ జంతువు కట్టే వెల అది.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడేది ఆలివ్ నూనె, నిమ్మరసం చిట్కా. రెండూ కలిపి రాత్రి తాగి పడుకుంటే పొద్దున పచ్చటి రాళ్లు రాలిపోతాయని వాట్సాప్‌లో మీకూ వచ్చే ఉంటుంది. నిజంగానే ఏవో పడతాయి. 2005లో లాన్సెట్‌లో ఇద్దరు వైద్యులు అలా పడ్డవాటిని పరీక్షించి రాశారు. వాటిలో కొలెస్ట్రాల్ లేదు, పైత్యం లేదు. తాగిన నూనె కడుపులో సబ్బుగా మారి గడ్డకట్టింది. అసలు రాళ్లు లోపల ఉన్నచోటే ఉన్నాయి. సున్నపు నీళ్ల నాటకానికి ఇది పట్నం రూపం.

తిప్పతీగ సంగతి మనందరి కళ్లముందే జరిగింది. కోవిడ్ రోజుల్లో కషాయం కాయని ఇల్లు లేదు. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం వాచిందని రాశారు. ఆయుష్ మంత్రిత్వశాఖ ఒప్పుకోలేదు, దాన్ని పోలిన వేరే తీగ అయి ఉండొచ్చంది. మరుసటి ఏడాది దేశంలోని 13 ఆస్పత్రుల నుంచి 43 మంది రోగుల వివరాలు బయటికి వచ్చాయి. కోట్లమంది తాగారు, చాలామందికి ఏమీ కాలేదు. కానీ కాలేయాన్ని కాపాడుతుందని తాగింది కాలేయాన్నే దెబ్బతీయగలదన్నది తెలిసి ఉండాల్సిన సంగతి. ఒంట్లోకి వెళ్లిన ప్రతిదాన్నీ విడగొట్టాల్సింది కాలేయమే. ఆకు రసం అయినా, మాత్ర అయినా దానికి పనే.

*

బ్లంబర్గ్ కథకు మన ఊళ్లో ఒక ముగింపు ఉంది. మందు మద్రాసులో నిలబడలేదు గానీ, టీకా హైదరాబాద్‌లో నిలబడింది. 1990లలో హెపటైటిస్ బి టీకా దిగుమతి సరుకు, మధ్యతరగతికి అందని ధర. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, 1997లో దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ టీకాను దిగుమతి ధరలో చిన్న భాగానికే తెచ్చారు. తర్వాతి కాలంలో హాసం పత్రిక నడిపింది కూడా ఆయనే కాబట్టి, సాహిత్య పాఠకులకు ఆ పేరు కొత్త కాదు. 2011కల్లా ఈ టీకా దేశమంతటా పిల్లల టీకాల జాబితాలోకి వచ్చింది.

మొదటి డోసు పుట్టిన 24 గంటల్లోపు పడాలి. తల్లి దగ్గర్నుంచి బిడ్డకు పాకే దారిని మూసేది ఆ ఒక్క రోజే. మనలో పాతికా ముప్పై ఏళ్లు దాటిన చాలామందికి ఆ రోజు ఆ సూది పడలేదు. కళ్లు పచ్చబడనందువల్ల మనం ఏ పసరాయన దగ్గరికీ వెళ్లం, ఏ డాక్టర్ దగ్గరికీ వెళ్లం. ఒక్క చిన్న రక్తపరీక్ష ఉందో లేదో చెబుతుంది. ఉంటే వైరస్‌ను అణిచిపెట్టే మాత్రలు ఈ రోజు ఉన్నాయి, లేకపోతే టీకా ఉంది. నేల ఉసిరి మాత్రం ఈ వానాకాలం కూడా మా అపార్ట్‌మెంట్ గోడ పక్కన మొలిచింది. దాన్ని పీకొద్దని వాచ్‌మన్‌కి చెప్పాను. నేను పరీక్ష చేయించుకోవడానికి వెళ్లింది మాత్రం వీధి చివరి ల్యాబ్‌కే.